నోబితా చేతిలో ఏ పుస్తకం పెడదాం? డోరేమాన్ గ్యాంగ్‌కి ఏడు పుస్తకాలు

వీడియో మొత్తం చూసే తీరిక లేనివాళ్ళ కోసం ఎప్పట్లాగే ఈ ఎపిసోడ్‌ని చదువుకోవడానికి వీలుగా ఇక్కడ పెడుతున్నాం. బస్సులోనో, క్యాంటీన్‌లోనో ఫోన్ తీసి చదివేసుకోండి.

డోరేమాన్ చూసిన వాళ్ళందరికీ మెమరీ బ్రెడ్ గుర్తుండే ఉంటుంది. పుస్తకంలో పేజీ మీద ఆ బ్రెడ్ ముక్క అద్దితే అక్షరాలు దాని మీద పడతాయి. తినేస్తే చాలు, పేజీ మొత్తం బుర్రలో ఉండిపోతుంది. పరీక్ష ముందు రోజు నోబితా ఆ బ్రెడ్ తింటూనే ఉంటాడు. చివరికి కడుపు పాడై, తిన్నదంతా పోయి, చదివిందంతా కూడా పోతుంది. మళ్ళీ మొదటి ముక్క నుంచి మొదలు.

నవ్వుకుంటాం కానీ, మన ఇళ్ళల్లో పిల్లల చదువు చాలావరకు ఇలాగే నడుస్తోంది. పుస్తకం అంటే మింగాలి, పరీక్షలో కక్కాలి. అలాంటప్పుడు పిల్లలు పుస్తకం వదిలేసి ఫోన్ పట్టుకున్నారంటే ఆశ్చర్యం ఏముంది?

అందుకే ఇవాళ టాపిక్ ఇది. డోరేమాన్ గ్యాంగ్‌లో ఒక్కొక్కరికీ మనం ఒక్కో పుస్తకం ఇవ్వాలంటే ఏది ఇస్తాం? ఆట లాగే ఉంటుంది, కానీ మీ ఇంట్లో తమ్ముడికో, చెల్లికో, అక్క కూతురికో పుస్తకం కొనేటప్పుడు పనికొస్తుంది. ఎందుకంటే ప్రతి పిల్లాడూ ఆ గ్యాంగ్‌లో ఎవరో ఒకరిని తనవాడు అనుకుంటాడు. ఎవరిని అనుకుంటున్నాడో తెలిస్తే పుస్తకం వెతకడం సగం తేలికైపోతుంది.

డోరేమాన్ పుట్టిందే పుస్తకంలో

ముందు చిన్న ఫ్లాష్‌బ్యాక్. మనకి డోరేమాన్ అంటే టీవీ. ఇండియాకి 2005లో హంగామా ఛానెల్‌లో వచ్చింది. జపాన్‌లో చాలా ఏళ్ళు నడిచిన సీరీస్ 1979లో మొదలైంది. కానీ అంతకంటే పదేళ్ళ ముందే డోరేమాన్ కాగితం మీద పుట్టాడు. గీసింది, రాసింది ఫుజికో ఎఫ్. ఫుజియో. అది కలంపేరు, అసలు పేరు హిరోషి ఫుజిమోటో. 1996లో చనిపోయాడు.

ఇక్కడ నాకు చాలా నచ్చిన విషయం ఒకటుంది. 1969 చివర్లో, అంటే 1970 జనవరి సంచికల్లో, డోరేమాన్ ఒకేసారి ఆరు పత్రికల్లో మొదలైంది. ఆరూ షొగాకుకాన్ అనే పబ్లిషర్‌వే. బడికి వెళ్ళని బుడతలకి ఒకటి, కిండర్‌గార్టెన్‌కి ఒకటి, ఒకటో క్లాసు నుంచి నాలుగో క్లాసు దాకా తలా ఒకటి. ఒకే కథని ఆరు చోట్లా అచ్చు వేయలేదు. ఏ వయసు పిల్లలకి ఆ వయసుకి తగ్గట్టు వేరే వేరే కథలు గీశాడు. అయిదేళ్ళ పాపకి ఇచ్చింది తొమ్మిదేళ్ళ బాబుకి ఇవ్వలేదు.

మనం ఏం చేస్తాం? బర్త్‌డే అనగానే షాపుకి వెళ్ళి, అట్ట మెరుస్తున్నది, "నూట ఒక్క నీతికథలు" టైపుది ఒకటి కొనేస్తాం. ఎవరికి, ఏ వయసుకి, వాళ్ళకి ఏం ఇష్టం అని అడగం.

నీతికథల పుస్తకంతో వచ్చిన ఇబ్బంది

మా మేనకోడలు నాలుగో క్లాసు. డోరేమాన్ హిందీలో చూసి చూసి, ఎవరూ నేర్పకుండానే హిందీ గడగడా మాట్లాడుతుంది. తెలుగు మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతుంది. ఒత్తు కనపడితే ఆగిపోతుంది. ఒకసారి తెలుగు పరీక్షలో 25కి 6 వచ్చాయి. పేపర్ నా చేతికిచ్చి, ఏమాత్రం బాధ లేకుండా, "నేను నోబితా టైపు మామయ్యా, నాకు రాదులే" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల అప్పుడే తనకి ఒక పేరు పెట్టేసుకుంది. వాళ్ళమ్మ కంగారుపడి నీతికథల పుస్తకం కొంది. పిల్ల రెండు కథలు చదివి పక్కన పడేసింది. సోమరిపోతు ఎలా చెడిపోయాడు, చెప్పిన మాట వినని కోతిపిల్లకి ఏమైంది, ఇవే కథలు. నోబితా వాళ్ళమ్మ రోజూ తిట్టే తిట్లకీ వీటికీ పెద్ద తేడా లేదు కదా? నోబితాని ఇష్టపడే పిల్ల చేతిలో ఆ పుస్తకం పెడితే, తిట్టునే అట్టవేసి ఇచ్చినట్టు ఉంటుంది.

అసలు పిల్లలకి నోబితా ఎందుకు ఇష్టం? మార్కులు రావు, పరిగెత్తలేడు, బేస్‌బాల్ ఆడలేడు, దెబ్బలు తింటాడు. అయినా వాడి కోసం భవిష్యత్తు నుంచి ఒకడు వచ్చాడు. మొదటి కథలోనే నోబితా మునిమనవడి కొడుకు సెవాషి వచ్చి, నీ భవిష్యత్తు ఇలా ఉంది, కానీ మార్చొచ్చు అంటాడు. రోజూ ఓడిపోయే పిల్లలకి ఇంతకంటే ధైర్యం చెప్పే మాట ఏముంటుంది? ఫుజిమోటో కూడా చిన్నప్పుడు తను నోబితా లాంటివాడినే అని చెప్పుకున్నాడు.

కాబట్టి నా ఫార్ములా ఒక్కటే. క్యారెక్టర్‌లో లోపాన్ని సరిచేసే పుస్తకం వెతక్కండి. ఆ క్యారెక్టర్‌ని పిల్లలు ఎందుకు ఇష్టపడుతున్నారో, ఆ ఇష్టానికి దగ్గరగా ఉండే పుస్తకం వెతకండి. ఇక లిస్ట్‌లోకి వెళ్దాం.

నోబితాకి: రైలుబడి

ఇది కూడా జపాన్ పుస్తకమే. అసలు పేరు తొత్తో-చాన్. రాసింది తెత్సుకో కురొయనాగి, 1981లో వచ్చింది. ఆవిడ జపాన్‌లో పెద్ద టీవీ స్టార్. ఇది కల్పన కాదు, ఆవిడ సొంత చిన్నతనం. తెలుగులో "రైలుబడి" పేరుతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది.

తొత్తో-చాన్‌ని ఒకటో క్లాసులోనే బడి నుంచి పంపించేస్తారు. డెస్క్ మూత ఊరికే తీసి వేస్తూ ఉంటుంది, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాయిద్యాల వాళ్ళని పిలుస్తుంది. టీచర్‌కి ఓపిక అయిపోతుంది. అమ్మ ఈ సంగతి పిల్లకి చెప్పదు. మామూలుగా బడి మారుస్తున్నాం అన్నట్టు ఇంకో బడికి తీసుకెళ్తుంది. తనని మొదటి బడి నుంచి పంపేశారని తొత్తో-చాన్‌కి ఇరవయ్యేళ్ళు దాటాకే తెలుస్తుంది. ఇది పెద్దవాళ్ళు కూడా ఒకసారి ఆగి ఆలోచించాల్సిన విషయం.

కొత్త బడి పేరు తొమోయె. క్లాస్‌రూములన్నీ వాడకం మానేసిన రైలుపెట్టెలు. హెడ్‌మాస్టర్ కొబయాషి గారు మొదటి రోజు ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలు వింటారు. ఆవులించకుండా, గడియారం చూడకుండా. ఆ బడిలో రోజూ పొద్దున ఏ సబ్జెక్ట్‌తో మొదలుపెట్టాలో పిల్లల ఇష్టం.

నోబితా కోసం నేను ప్రత్యేకంగా చెప్పేది ఆటలపోటీల అధ్యాయం. తకహాషి అనే అబ్బాయికి చేతులు, కాళ్ళు పొట్టిగా ఉంటాయి, ఇక ఎత్తు పెరగడు. హెడ్‌మాస్టర్ ఆ రోజు పోటీలన్నీ ఎలా పెట్టారంటే, చిన్న శరీరం ఉన్నవాడికే అవి తేలిక. తకహాషి వరసగా గెలుస్తూ పోతాడు. బహుమతులు ఏంటో తెలుసా? ముల్లంగి లాంటి కూరగాయలు. పిల్లలు వాటిని ఇంటికి పట్టుకెళ్ళి, సంపాదించిన కూరతో రాత్రి భోజనం అన్నమాట. పరుగుపందెంలో ఎప్పుడూ ఆఖరున వచ్చే నోబితా ఈ అధ్యాయం చదివితే ఎలా ఉంటుందో ఊహించండి.

మా మేనకోడలికి నేను ముందు చదివి వినిపించింది ఈ అధ్యాయమే. "మళ్ళీ చదువు" అంది. మూడోసారి పుస్తకం తనే లాక్కుని, తకహాషి పేరు ఎక్కడెక్కడ ఉందో వేలుపెట్టి వెతికింది. అద్భుతం జరిగిపోయి ర్యాంకులు రాలేదు. కానీ పుస్తకం తనంతట తను చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి.

అధ్యాయాలన్నీ రెండు మూడు పేజీలే కాబట్టి పడుకునే ముందు ఒకటి చదవొచ్చు. ఒక్క జాగ్రత్త. చివర్లో యుద్ధం వస్తుంది, 1945 బాంబుదాడుల్లో ఆ బడి కాలిపోతుంది. చిన్న పిల్లలైతే ఆ పేజీలప్పుడు పక్కన ఉండండి. వినడానికి ఏడెనిమిదేళ్ళు, సొంతంగా చదవడానికి పదేళ్ళు దాటితే బాగుంటుంది.

కొంచెం పెద్ద నోబితాకి: స్వామి అండ్ ఫ్రెండ్స్

పదకొండు, పన్నెండేళ్ళు వచ్చి ఇంగ్లీష్ చదవగలిగితే ఆర్.కె. నారాయణ్ రాసిన "స్వామి అండ్ ఫ్రెండ్స్". 1935లో వచ్చింది, ఆయన మొదటి నవల. శంకర్ నాగ్ తీసిన మాల్గుడి డేస్ సీరియల్‌లో స్వామిని మీ అమ్మానాన్నలు చూసే ఉంటారు, అడగండి.

స్వామికి లెక్కలంటే భయం. నాన్న సెలవుల్లో కూర్చోబెట్టి మామిడిపళ్ళ ధర లెక్క ఇస్తే, వాడు అసలు ఆ పళ్ళు పండినవా, పచ్చివా అని ఆలోచిస్తూ కూర్చుంటాడు. నోబితా కూడా అచ్చం అంతే. దుడ్డుకర్ర పట్టుకుని అందర్నీ బెదిరించే మణి మన జియాన్. అందరూ కలిసి క్రికెట్ టీమ్ పెడతారు, పేరు ఎం.సి.సి., అంటే మాల్గుడి క్రికెట్ క్లబ్. ఇందులో గ్యాడ్జెట్ ఉండదు, డోరేమాన్ రాడు. స్నేహితుడు దూరమైపోతే ఎలా ఉంటుందో చివరి అధ్యాయంలో రైల్వేస్టేషన్‌లో తెలుస్తుంది.

జియాన్‌కి: బుడుగు

జియాన్ సంగతి తెలిసిందే. ఎవడి బ్యాటైనా, ఎవడి కామిక్ పుస్తకమైనా వాడిదే. ఖాళీ స్థలంలో కచేరీ పెట్టి అందర్నీ కూర్చోబెట్టి పాడతాడు. విన్నవాడు బతికి బయటపడితే గొప్ప. అయినా జియాన్‌ని ఇష్టపడే పిల్లలు చాలామంది. ఎందుకంటే వాడికి తన మీద తనకి బోలెడు నమ్మకం. పైగా సినిమాల్లో ప్రమాదం వస్తే స్నేహితుల కోసం ముందు నిలబడేది వాడే.

ఇలాంటివాడికి మౌనంగా చదివే పుస్తకం ఇస్తే లాభం లేదు. గట్టిగా పైకి చదివేది ఇవ్వాలి. తెలుగులో దానికి బుడుగుని మించింది లేదు. ముళ్ళపూడి వెంకటరమణ రాశారు, బాపు బొమ్మలు వేశారు. 1950ల్లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో వచ్చింది. మాట్లాడేదంతా బుడుగే. పిల్లాడు ఎలా మాట్లాడతాడో అలాగే అచ్చులో ఉంటుంది. పెద్దవాళ్ళంతా తన చేతిలో పెరుగుతున్నట్టు, వాళ్ళకి ఏమీ తెలియనట్టు చెప్పుకుపోతాడు. నాన్న గోపాళం, అమ్మ రాధ, బామ్మ, బాబాయి, ప్రైవేటు మాష్టారు, పక్కన సీగానపెసూనాంబ. వీళ్ళందరి గురించీ వాడికి గట్టి అభిప్రాయాలు ఉన్నాయి.

బుడుగుని కళ్ళతో చదివితే కొన్ని మాటలు అర్థం కావు, పైకి చదివితే ఠక్కున అర్థమవుతాయి. గ్రాంథికం రాదు, ఒత్తులు రావు అని భయపడే పిల్లలకి ఇది పెద్ద రిలీఫ్. తను మాట్లాడే తెలుగే పుస్తకంలో ఉందని తెలుస్తుంది. డెబ్బై ఏళ్ళ కిందటి ఇల్లు కాబట్టి కొన్ని వస్తువులు, కొన్ని జోకులు ఇప్పటి పిల్లలకి కొత్తగా ఉంటాయి. అక్కడ తాతయ్యనో, అమ్మమ్మనో పిలవండి. వాళ్ళు ఒక్కో మాటకి ఒక్కో కథ చెప్తారు.

సునియోకి: ది బ్లూ అంబ్రెల్లా

సునియోకి కొత్త బొమ్మ వస్తే అందరికీ చూపించాలి, ఎవరికీ ఇవ్వకూడదు. కార్లో ముగ్గురికే చోటుంది అని ప్రతిసారీ నోబితానే వదిలేస్తాడు. సునియోని తిట్టుకుంటాం కానీ, కొత్త ఫోన్ కొన్న వారం మనమూ అంతే కదా?

రస్కిన్ బాండ్ రాసిన "ది బ్లూ అంబ్రెల్లా" చిన్న పుస్తకం, తేలికైన ఇంగ్లీష్. గఢ్వాల్ కొండల్లో బిన్యా అనే పిల్ల. మెడలో చిరుతపులి గోరు లాకెట్ ఉంటుంది. పట్నం నుంచి పిక్నిక్‌కి వచ్చినవాళ్ళ దగ్గర నీలం రంగు గొడుగు చూసి, లాకెట్ ఇచ్చి గొడుగు తీసుకుంటుంది. ఊరంతా ఆ గొడుగునే చూస్తుంది. టీకొట్టు రాంభరోసాకి ఆ గొడుగు కావాలి. ఎందుకు కావాలో ఆయనకే తెలియదు, కానీ కావాలి. ఆ పిచ్చిలో దొంగతనం దాకా వెళ్తుంది కథ.

దొంగ దొరికాక ఊరు ఆయన్ని వెలివేసినట్టు చూస్తుంది, కొట్టుకి ఎవరూ రారు. నీతికథ అయితే అక్కడితో అయిపోయేది. కానీ బిన్యాకి ఆయన్ని చూస్తే బాధ వేస్తుంది. తర్వాత ఆ పిల్ల ఏం చేసిందో నేను చెప్పను, చదవండి. విశాల్ భరద్వాజ్ దీన్ని సినిమాగా కూడా తీశాడు. ముందు పుస్తకం, తర్వాత సినిమా, సరేనా?

షిజుకాకి: అమ్మమ్మకి చదువు నేర్పిన కథ

షిజుకాని అందరూ "మంచి అమ్మాయి" అని పక్కన పెట్టేస్తారు. కాస్త గమనించి చూడండి. వయొలిన్ ఘోరంగా వాయిస్తుంది, అయినా ఇష్టంగా వాయిస్తుంది. చిలగడదుంపలంటే ప్రాణం, కానీ ఎవరికైనా తెలిస్తే సిగ్గు. నోబితాకి సాయం చేసినా వాడిని చిన్నబుచ్చదు. ఆ చివరిది అందరికీ చేతకాదు.

అందుకే షిజుకాకి సుధామూర్తి రాసిన కథ. ఇంగ్లీష్ పుస్తకం పేరు "హౌ ఐ టాట్ మై గ్రాండ్‌మదర్ టు రీడ్", 2004లో వచ్చింది. ఉత్తర కర్ణాటకలో ఒక ఊరు. అమ్మమ్మకి చదువు రాదు. కర్మవీర అనే కన్నడ వారపత్రికలో త్రివేణి రాసే "కాశీయాత్రె" సీరియల్ అంటే ప్రాణం. ప్రతి వారం మనవరాలు చదివి వినిపించాలి. ఒకసారి మనవరాలు పెళ్ళికని ఊరెళ్తుంది. పత్రిక వస్తుంది, చేతిలో ఉంటుంది, అక్షరాలు కనిపిస్తాయి, కానీ కథ ఏంటో తెలియదు. ఆవిడ ఏడుస్తుంది. అరవై రెండేళ్ళ వయసులో నేర్చుకోవాలని నిర్ణయించుకుంటుంది. టీచర్ పన్నెండేళ్ళ మనవరాలు. దసరాకి చదవడం వచ్చేస్తుంది.

మన దగ్గర ఇప్పుడు చాలా ఇళ్ళల్లో ఇది తలకిందులైంది. అమ్మమ్మకి తెలుగు చదవడం వచ్చు, మనవరాలికి రాదు. అమెరికాలోనో, బెంగళూరులోనో పెరిగే పిల్లలకి మరీను. ఈ కథ చదివాక అమ్మమ్మకి వీడియోకాల్ చేసి, వారానికి ఒక పేజీ కలిసి చదవండి. ఈసారి టీచర్ అమ్మమ్మ.

డెకిసుగికి: తోకచుక్క

డెకిసుగికి అన్నీ వచ్చు. అందుకే అందరూ వాడికి సైన్స్ పుస్తకం, క్విజ్ పుస్తకం ఇస్తారు. కానీ ఒకటి గమనించారా? సినిమాల్లో గ్యాంగ్ అంతా డైనోసార్ల దగ్గరికి, అంతరిక్షంలోకి వెళ్తుంటే డెకిసుగి మాత్రం దాదాపుగా ఎప్పుడూ ఉండడు. ఫస్ట్ ర్యాంక్ పిల్లాడు, ఇంట్లో చదువుకుంటూ ఉంటాడు.

వాడికి కావాల్సింది సాహసం. దాసరి సుబ్రహ్మణ్యం చందమామలో రాసిన సీరియల్స్ ఇద్దాం. మొదటిది "తోకచుక్క", 1954లో మొదలైంది. బొమ్మలు చిత్ర. ఆకాశంలో తోకచుక్క, కుండలినీ ద్వీపం, ఓడలెక్కిన సేనాని సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికులు. ప్రతి భాగం చివర్లో ఏదో ఒక ఆపదలో ఆపేస్తారు. వెబ్ సిరీస్ రాత్రంతా చూసేవాళ్ళకి ఆ బాధ తెలుసు. అప్పట్లో పిల్లలు తర్వాతి భాగం కోసం నెల రోజులు ఆగేవాళ్ళు. ఇది నచ్చితే "కంచుకోట", "జ్వాలాద్వీపం", "రాకాసిలోయ" ఉన్నాయి. ఈ సీరియల్స్ తర్వాత పుస్తకాలుగా కూడా వచ్చాయి. ఇంట్లో అటక మీద పాత చందమామల కట్ట ఉందేమో కూడా చూడండి.

మరి డోరేమాన్‌కి?

జేబులో గ్యాడ్జెట్లు ఉన్నవాడికి గ్యాడ్జెట్లు చేసుకునే పుస్తకం. అరవింద్ గుప్తా గారి పుస్తకాలు. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, 1978లో ఉద్యోగానికి సెలవు పెట్టి మధ్యప్రదేశ్ పల్లెల్లో సైన్స్ నేర్పే కార్యక్రమంలోకి వెళ్ళారు. అక్కడ అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు కలిపి త్రిభుజాలు, చతురస్రాలు, ఇళ్ళు కట్టడం నేర్పారు. త్రిభుజం నొక్కినా వంగదు, చతురస్రం వంగిపోతుంది. వంతెనలకి త్రిభుజాలు ఎందుకు పెడతారో పిల్లలకి చేత్తోనే తెలిసిపోతుంది. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన వెబ్‌సైట్‌లో పుస్తకాలు, బొమ్మల వీడియోలు చాలా భాషల్లో ఉచితంగా ఉన్నాయి. "చదవను" అని మొండికేసే పిల్లలకి మొదటి పుస్తకంగా ఇది ఇవ్వండి. బొమ్మ తయారవ్వాలంటే ఆ నాలుగు లైన్లూ వాళ్ళే చదువుతారు.

ఇచ్చే పద్ధతి

పుస్తకం ఎంత ముఖ్యమో, ఇచ్చే తీరు అంత ముఖ్యం. నాకు పనికొచ్చినవి చెప్తాను.

ఒకటి, ముందు అడగండి. నీకు ఎవరు ఇష్టం? ఏ ఎపిసోడ్ మళ్ళీ మళ్ళీ చూస్తావు? ఎందుకు? ఈ మూడు ప్రశ్నలు చాలు.

రెండు, అయిదు వేళ్ళ లెక్క. ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. ఆగిపోయిన ప్రతి మాటకీ ఒక వేలు మడవాలి. పేజీ పూర్తయ్యేలోపు అయిదు వేళ్ళూ మడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి కష్టం. పక్కన పడేయక్కర్లేదు, మీరు చదివి వినిపించండి.

మూడు, ఒక ఎపిసోడ్ తర్వాత పది నిమిషాలు. టీవీ కట్టేసి, ఫోన్ లాక్కుని, "ఇప్పుడు చదువు" అంటే పుస్తకం శిక్ష అయిపోతుంది. ఎపిసోడ్ పూర్తిగా చూడనివ్వండి. తర్వాత పక్కన కూర్చుని పది నిమిషాలు చదవండి. మీ ఫోన్ కూడా ఆ పది నిమిషాలు అవతల పెట్టాలి. పిల్లలు మనల్ని చూస్తారు, మన మాట వినరు.

నాలుగు, "ఈ కథలో నీతి ఏంటి?" అని అడక్కండి. ప్లీజ్. అడగాలనిపిస్తే "తర్వాత ఏమవుతుంది అనుకుంటున్నావు?" అని అడగండి.

అయిదు, నచ్చకపోతే మధ్యలో ఆపేయనివ్వండి. నచ్చని ఎపిసోడ్ మనం మార్చేయమా?

డబ్బు లేదు, షాపు దగ్గర్లో లేదు అంటారా? చేతిలో ఫోన్ ఉంది కదా. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ 2015 నుంచి ఉంది. తెలుగులో బొమ్మల కథలు ఉచితంగా చదవొచ్చు, డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. నాలుగు లెవెల్స్ ఉంటాయి. లెవెల్ 1లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. నాలుగో క్లాసు పాప అయినా సరే, తెలుగు రాకపోతే లెవెల్ 1తోనే మొదలుపెట్టండి, సిగ్గేం లేదు. కాగితం పుస్తకమే కావాలంటే మీ ఊళ్ళో గ్రంథాలయానికి వెళ్ళి పిల్లల పుస్తకాల అర ఎక్కడుందో అడగండి. తెలుగులో పిల్లల పుస్తకాల కోసం సికింద్రాబాద్ "మంచి పుస్తకం" వాళ్ళు ఉన్నారు. చలికాలంలో హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనలు ఉంటాయి. పిల్లల్ని తీసుకెళ్ళి, వంద రూపాయలు చేతికిచ్చి, వాళ్ళనే ఏరుకోనివ్వండి.

నోబితాకి ఏమీ రాదంటారు కానీ, వాడు ఎప్పుడూ నేల మీద పడుకుని కామిక్స్ చదువుతూనే ఉంటాడు, గమనించారా? వాడికి చదవడం అంటే విసుగు లేదు. వాడి కోసం రాసినట్టున్న పుస్తకం ఇచ్చి, పక్కన పది నిమిషాలు కూర్చునేవాళ్ళు కావాలి. భవిష్యత్తు నుంచి ఎవరో రావాల్సిన పని లేదు. ఆ ఇంట్లో అన్నయ్యో, అక్కో, బాబాయో, పిన్నో ఉంటే చాలు.

ఈ వారం ఒక పని చేయండి. మీ ఇంట్లో చిన్నవాళ్ళని ఆ మూడు ప్రశ్నలూ అడిగి, ఒక్క పుస్తకం ఎంచుకుని మొదలుపెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.